అరకు కాఫీ: పండు కోసిన తర్వాతి ఒక్క రోజు

పాడేరు ఏజెన్సీలో డిసెంబరు నెల. ఒక వారపు సంతకు ఇద్దరు రైతులు పార్చ్‌మెంట్ మూటలు తెచ్చారనుకుందాం. పార్చ్‌మెంట్ అంటే కాఫీ పండు తోలు తీసి, జిగురు కడిగి, ఎండబెట్టిన గింజ. పైన పలచని పొట్టు ఇంకా ఉంటుంది. మొదటి రైతు ఎర్రగా పండినవి మాత్రమే ఏరి కోశాడు. ఆ సాయంత్రమే తోలు తీశాడు, మర్నాడు శుభ్రంగా కడిగాడు, వారం పది రోజులు తిరగేస్తూ ఆరబెట్టాడు. రెండో రైతు పచ్చివీ దోరవీ పండినవీ కలిపి కొమ్మ మొత్తం దూసేశాడు. రెండు రోజులు బస్తాలోనే ఉంచి, తీరిక దొరికినప్పుడు తోలు తీయించాడు. వ్యాపారి రెండు మూటల్లోనూ చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటి కింద కొరికి తేమ చూసి, ఇద్దరికీ దాదాపు ఒకటే రేటు కట్టాడు. మొదటి రైతు వచ్చే ఏడాది ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

అరకు కాఫీ గురించి ఎవరు మాట్లాడినా కొండతోనే మొదలుపెడతారు. ఎత్తు, మంచు, అడవి నీడ, ఎర్రమట్టి. అవన్నీ నిజమే, కానీ కొండ చేసేది సగం పనే. చెట్టు మీద తయారైన రుచి గింజలో నిలవాలా, పోవాలా అన్నది పండు కోసిన తర్వాతి ఇరవై నాలుగు గంటల్లో తేలిపోతుంది. రుచి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న 'స్పెషాలిటీ' కాఫీ పేరుతో పట్నాల్లో పలికే ధరకూ, సంతలో రైతు చేతికి వచ్చే ధరకూ మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ ఒక్క రోజునే చూడాలి. ఆ రోజు పని ఎవరు చేస్తున్నారు, దానికి డబ్బు ఎవరిస్తున్నారు అని అడగాలి.

ముందు కొండ సంగతి కొంచెం. విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు. సముద్ర మట్టం దగ్గర బయలుదేరిన రైలు శిమిలిగూడ స్టేషన్ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. చల్లదనంలో కాఫీ పండు తొందరపడదు. మార్చి, ఏప్రిల్‌లో జల్లు పడగానే మల్లెపూలలా తెల్లగా పూసిన పువ్వు, కోతకొచ్చే పండు కావడానికి నవంబరు, డిసెంబరు, కొన్ని చోట్ల జనవరి దాకా పడుతుంది. నిదానంగా పండిన గింజ గట్టిగా ఉంటుంది, అందులో చక్కెరలు, పులుపు నిండుగా చేరతాయి. కొడగు, చిక్కమగళూరు 12, 13 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉంటే అరకు 18 డిగ్రీలు దాటి ఉత్తరాన ఉంది. అందుకే ఇక్కడ 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తే మంచి అరబికా రకం కాఫీకి సరిపోతోంది. శీతాకాలంలో లంబసింగి, మినుములూరు చలి గురించి పేపర్లలో చదివేవాళ్లకు ఈ లెక్క విడిగా చెప్పనక్కర్లేదు.

తోటలకు సిల్వర్ ఓక్ చెట్లూ, పనస, మామిడి లాంటివీ నీడనిస్తాయి. సిల్వర్ ఓక్ మానుకు మిరియాల పాదు ఎక్కిస్తారు. చాలా ఇళ్లలో కాఫీ డబ్బు పిల్లల చదువుకో అప్పుకో పోతే, మిరియాల డబ్బు చేతిలో మిగులుతుంది. నీడ రుచి కోసమే కాదు. అరబికాను పట్టి పీడించే కాండం తొలుచు పురుగుకు ఎండ తగిలే మొక్కలంటే ఇష్టం. నీడ పలచబడిన చోట దాని బెడద పెరుగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొండల్లో నీడ చెట్లను కూల్చేసినప్పుడు నష్టం ఆ ఏడాది పంటతో ఆగకపోవడానికి ఒక కారణం ఇదే. కాఫీ మొక్క మూడు, నాలుగేళ్లలో కాపుకొస్తుంది. నీడ చెట్టు నిలదొక్కుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

ఈ ప్రాంతానికి కాఫీ రావడం చిన్న కథే. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదట నాటించాడు. అక్కడి నుంచి పుల్లంగి, గూడెం వైపు పాకింది. 1960ల్లో అటవీశాఖ రిజర్వు అడవుల్లో తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. గిరిజన రైతుల సొంత భూముల్లో కాఫీ విస్తరించడానికి గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, ఆ తర్వాత పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు పనిచేశాయి. అప్పటి ఉద్దేశం గొప్ప కాఫీ పండించడం కాదు, పోడు మాన్పించడం. కొండవాలు మీద అడవి నరికి, కాల్చి, చోళ్లు, సామలు చల్లుకునే కుటుంబాన్ని ఒకే చోట నిలబెట్టే శాశ్వత పంట కావాలి, దానికి నీడ కావాలి కాబట్టి చెట్లూ నిలుస్తాయి. ఆలోచన బాగానే ఉంది, చాలావరకు ఫలించింది కూడా. కాకపోతే ఎన్ని ఎకరాల్లో నాటారన్నదే విజయానికి కొలత అయింది. ఎంత కాసింది, ఎలా ఆరబెట్టారు అన్నవి చాలాకాలం వెనకబడి ఉండిపోయాయి.

ఆ వెనకబాటు అంకెల్లో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కాఫీ నాటిన విస్తీర్ణం దాదాపు లక్ష హెక్టార్లు. దేశం మొత్తం కాఫీ విస్తీర్ణంలో ఇది సుమారు అయిదో వంతు. కానీ రాష్ట్రంలో దిగుబడి 12 వేల నుంచి 15 వేల టన్నుల మధ్య ఉంటోంది. దేశంలో పండే మూడున్నర లక్షల టన్నుల్లో అది నాలుగు శాతమే. నాటిన తోటల్లో చాలా భాగం ఇంకా పూర్తి కాపుకు రాలేదు. పైగా ఇక్కడున్నది దాదాపు అంతా అరబికా, కర్ణాటక, కేరళ లెక్కల్లో ఎక్కువ కాసే రోబస్టా రకం కలిసి ఉంటుంది. ఇవన్నీ తీసేసి చూసినా తేడా పెద్దదే. ఎరువు వెయ్యకపోవడం, కొమ్మ కత్తిరింపు సరిగా చెయ్యకపోవడం, ముసలి మొక్కల్ని మార్చకపోవడం దీనికి కారణాలు. "మా కాఫీ ఆర్గానిక్" అని గర్వంగా చెప్పుకునే మాటలో కొంత ఎరువు కొనలేని పేదరికం కూడా కలిసి ఉందని ఒప్పుకోవాలి. రసాయనం వెయ్యకపోవడం వేరు, కంపోస్టు చేసి వెయ్యడం వేరు. రెండోదానికి పశువులు కావాలి, మనుషులు కావాలి, తీరిక కావాలి.

కర్ణాటకతో పోలిస్తే అసలైన తేడా మాత్రం భూమి యాజమాన్యంలో ఉంది. అక్కడ వందల ఎకరాల ఎస్టేట్లు ఉన్నాయి. ఎస్టేటుకు సొంత పల్పింగ్ యూనిట్ (పండు తోలు తీసే చోటు), కళ్లం, గోదాము, లెక్కలు రాసే రైటరు ఉంటారు. మన్యంలో ఎస్టేట్ల యజమానులు పుట్టకపోవడానికి 1/70 చట్టం ముఖ్య కారణం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని ఆ చట్టం కట్టడి చేసింది. అది లేకపోతే ఈపాటికి అరకు కొండల్లో బగత, కోందు, కొండదొర, వాల్మీకి, పోర్జ కుటుంబాలు తమ తోటల్లోనే కూలీలుగా మిగిలేవని అనుకోవడం అతిశయోక్తి కాదు. చట్టం భూమిని కాపాడింది. దానితో పాటు రెండు లక్షలకు పైగా ఎకరాలు, ఇంటికి ఎకరమో రెండెకరాలో లెక్కన చిన్న చిన్న తోటలుగా మిగిలాయి. స్పెషాలిటీ కాఫీకి ఇది వరమూ, చిక్కూ కూడా.

చిక్కు ఎక్కడుందో ఒక ఎకరం లెక్క వేస్తే తెలుస్తుంది. పై అంకెల ప్రకారం ఎకరాకు 50, 60 కిలోల శుభ్రమైన గింజ వస్తుంది. కిలో గింజకు సుమారు 6 కిలోల పండు కావాలి. అంటే ఎకరానికి 300 నుంచి 360 కిలోల పండు. కాఫీ అంతా ఒకేసారి పండదు. ఒకే గుత్తిలో ఎర్రటిది, దోరది, పచ్చిది పక్కపక్కనే ఉంటాయి. పండినవి మాత్రమే కొయ్యాలంటే రెండు వారాలకోసారి చొప్పున మూడు నాలుగు సార్లు తోటంతా తిరగాలి. ఒక్కో తిరుగుడుకు వచ్చేది సుమారు వంద కిలోలు, రెండు రోజుల కోత అనుకుంటే రోజుకు యాభై కిలోలు. ఆ యాభై కిలోలకు పల్పరు కావాలి, నీళ్లు కావాలి, తొట్టి కావాలి, ఆరబెట్టే చోటు కావాలి, రాత్రి మేలుకునే మనిషి కావాలి. ఎస్టేటులో ఈ ఖర్చు టన్నుల మీద సర్దుకుంటుంది. ఇక్కడ రెండు గంపల మీద పడుతుంది.

రాత్రి మేలుకోవడం ఎందుకంటే, కోసిన పండు ఊరుకోదు. తోలు లోపలి తియ్యటి జిగురు కొన్ని గంటల్లోనే పులవడం మొదలుపెడుతుంది. బస్తాలో కుక్కి ఉంచితే లోపల వేడెక్కి ఇంకా తొందరగా పులుస్తుంది. ఆ వాసన గింజలోకి దిగితే ఎంత వేయించినా పోదు. తోలు తీసిన తర్వాత కూడా జిగురు వదలడానికి గింజను తొట్టిలో కొన్ని గంటలు నానబెడతారు. వేడి రోజుల్లో పన్నెండు గంటలు చాలు, డిసెంబరు చలిలో ఒకటిన్నర రోజు కూడా పట్టవచ్చు. గడియారం చూసి చెప్పలేం. చేత్తో నలిపి చూడాలి, గింజ గరుకుగా తగిలితే అయినట్టు. అక్కడ రెండు మూడు గంటలు ఆలస్యమైతే కంపు గింజలు తయారవుతాయి. ఒక్క కంపు గింజ చాలు, కప్పు మొత్తం చెడగొట్టడానికి. కడగడానికి ఊరి గెడ్డ (వాగు) నీళ్లు వాడతారు. పల్పింగ్ నీళ్లు మళ్లీ గెడ్డలోకే వెళితే కింద ఊరివాళ్లతో తగాదా. తక్కువ నీటితో జిగురు తీసే ఎకో పల్పర్లు వచ్చాయి కానీ అవి ఒక ఇంటికి సరిపడే యంత్రాలు కావు.

తర్వాత ఎండబెట్టడం. తేమ 10, 11 శాతానికి దిగేదాకా గింజను పలచగా పరిచి, తిప్పుతూ ఉండాలి. వంజంగి మేఘాల కోసం తెల్లవారుజామున విశాఖ నుంచి కార్లలో వచ్చే జనానికి ఏ మంచు అందంగా కనిపిస్తుందో, అదే మంచు పార్చ్‌మెంట్ ఆరబెట్టే ఇల్లాలికి పెద్ద టెన్షన్. పొద్దు గుంకకముందే కప్పాలి, ఎండెక్కిన తర్వాతే విప్పాలి. ఒకసారి ఆరిన గింజ మళ్లీ తడిస్తే మచ్చ పడుతుంది, బూజు వాసన పడుతుంది. నేలకు ఎత్తుగా మంచెలు కట్టి వల మీద ఆరబెడితే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది, మట్టి వాసన పట్టదు. కానీ ఆ మంచెకు వల కొనాలి. ఇంత పని చేసినా చెయ్యకపోయినా ఒకటే రేటు అయినప్పుడు, పండును తోలుతోనే ఎండబెట్టి ఎండు చెర్రీగా అమ్మేయడం తెలివైన పని. చాలా ఇళ్లు ఆ తెలివైన పనే చేశాయి. దాన్ని అలసత్వం అనడం అన్యాయం.

నాణ్యతకు ధర లేకపోవడం సంతలో మొదలైన జబ్బు కూడా కాదు. 1942 కాఫీ చట్టం కింద దశాబ్దాల పాటు దేశంలోని కాఫీ అంతా కాఫీ బోర్డు పూల్‌లోకి, అంటే ఒకే ఉమ్మడి రాశిలోకి వెళ్లేది. గ్రేడు చూసేవారు, ఏ కొండ, ఎవరి తోట అన్నది కలిసిపోయేది. 1990ల మధ్యలో రైతులకు సొంతంగా అమ్ముకునే హక్కు వచ్చాకే, ఫలానా చోటి కాఫీ అన్న మాటకు విలువ వచ్చింది. స్పెషాలిటీ అన్నది ఆ తర్వాతి మాట. నూరు మార్కులకు రుచి చూసి 80 దాటితే స్పెషాలిటీ అంటారు. కప్పింగ్ అనే ఆ పరీక్షలో వాసన, పులుపు, తీపి, నోట్లో నిండుదనం, మింగాక మిగిలే రుచి, అయిదు కప్పులూ ఒకేలా ఉన్నాయా లేదా అన్నవి చూస్తారు. ఆ చివరిది చిన్న రైతుల కాఫీకి చాలా కష్టమైన పరీక్ష. వంద ఇళ్ల గింజ ఒకే బస్తాలో చేరితే, తొంభై ఇళ్లవాళ్లు శ్రద్ధగా చేసినా పది ఇళ్ల పులుపు అందరి మార్కులూ తగ్గిస్తుంది.

దీనికి అరకులో దొరికిన జవాబు, తోలు తీయడం, కడగడం లాంటి తడి పనిని ఇంటి నుంచి తప్పించడం. రైతు ఎర్రటి పండు మాత్రమే కొయ్యాలి, దాన్ని ఆ రోజే బండి వచ్చి తీసుకెళ్లాలి, ఒకే చోట ఒకే పద్ధతిలో పల్పింగ్ జరగాలి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఏర్పడ్డ గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం ఈ దారి పట్టింది. ఏ ఊరి పండు ఎలా ఉందో విడివిడిగా రుచి చూసి రైతుకు చెప్పే కప్పింగ్ పోటీలు పెట్టింది. 2017లో పారిస్‌లో 'అరకు' పేరుతో షాపు తెరిచారు, 2018లో ఆ కాఫీకి అక్కడి ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చింది, 2021లో బెంగళూరులో కెఫే వచ్చింది. పారిస్ సంగతి పేపర్లలో బాగా వచ్చింది. బండి సంగతి రాలేదు. కానీ అసలు కీలకం బండే. ఘాట్ రోడ్డు చివర, మట్టి దారి చివర ఉన్న ఊరికి సాయంత్రంలోగా బండి రాకపోతే ఆ ఊరి పండు స్పెషాలిటీ కాదు, ఎంత ఎత్తులో పండినా సరే.

విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉన్న జీసీసీ పాత్ర వేరు. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, కొండ చీపుర్లు కొన్నట్టే కాఫీ కూడా కొంటుంది. సీజన్ ముందే పార్చ్‌మెంట్‌కూ చెర్రీకీ కొనుగోలు ధర ప్రకటిస్తారు. ఆ ధరకు జీసీసీకే అమ్మాలని లేదు, కానీ ప్రకటించిన ధర సంతలో అందరికీ తెలుస్తుంది కాబట్టి వ్యాపారి మరీ కిందికి అడగలేడు. ఈ సంస్థ చేసిన పెద్ద మేలు ఇదే. 'అరకు వ్యాలీ' పేరుతో అది అమ్మే పొడి మన ఊళ్లలో ఇంటింటికీ తెలిసింది. 2024 జూన్‌లో ప్రధాని మన్‌ కీ బాత్‌లో ప్రస్తావించారు, 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో స్టాళ్లు పెట్టారు. ప్రచారం మంచిదే. కాకపోతే అందరికీ కనీస ధర హామీ ఇవ్వడం, కొందరి నాణ్యతకు ఎక్కువ ధర ఇవ్వడం ఒకే చేత్తో చెయ్యడం కష్టం. ఒకటి సంక్షేమం, రెండోది వ్యాపారం. రెండూ కావాలి.

మూడో దారి షావుకారు. అతన్ని దళారీ అని తిట్టడం తేలిక. కానీ పండగకు, పెళ్లికి, ఆసుపత్రికి ఏ వేళలో వెళ్లినా చేతిలో డబ్బు పెట్టేది అతనే. ఆ అప్పు కాఫీ లెక్కలో తీరుతుంది. సహకార సంఘం ఎంత మంచి ధర ఇచ్చినా డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలంటే, ముందే బాకీ ఉన్న ఇంటికి ఆగే వీలు ఉండదు. ఆ బాకీ తీరితే తప్ప అలాంటి రైతులకు అమ్మే చోటు ఎంచుకునే స్వేచ్ఛ రాదు.

కప్పు లెక్క కూడా ఒకసారి చూద్దాం. 6 కిలోల పండు కిలో గింజ అవుతుంది. వేయిస్తే 850 గ్రాములు మిగులుతుంది. కప్పుకు 17 గ్రాములు వాడితే 50 కప్పులు. అంటే కప్పుకు 120 గ్రాముల పండు, గుప్పెడు కంటే కొంచెం ఎక్కువ. కిలో పండుకు 50 రూపాయలు అనుకుంటే ఒక కప్పులో రైతు వాటా 6 రూపాయలు. బీచ్ రోడ్డు కెఫేలో ఆ కప్పు 200 అనుకుందాం. మిగతాదంతా లాభం కాదు. అద్దె, ఏసీ, జీతాలు, పాలు, కప్పు పగిలితే కప్పు ఖర్చు కూడా అందులోనే ఉంటాయి. అయినా ఒక మాట గమనించాలి. రైతుకు కిలోకు ఇంకో 25 రూపాయలు ఎక్కువిస్తే కప్పు మీద పెరిగేది 3 రూపాయలే. అదే 25 రూపాయలు సంతలో రెండు మూటల మధ్య ఉండి ఉంటే, మొదటి రైతు వచ్చే ఏడాది కూడా ఎర్ర పండే కోసేవాడు.

2019 మార్చిలో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉమ్మడి విశాఖ జిల్లా కొండలతో పాటు ఒడిశా వైపు కొండలూ అందులో ఉన్నాయి. ఈ గుర్తింపు కాఫీ ఎక్కడిదో చెబుతుంది. ఎలా కోశారో, ఎప్పుడు పల్పింగ్ చేశారో చెప్పదు. పులిసిన అరకు కాఫీ కూడా అరకు కాఫీయే. ఇక షాపుల్లో అరకు బొమ్మతో దొరికే ప్యాకెట్లలో చికోరీ కలిపినవీ ఉంటాయి. చికోరీ కలపడం తప్పు కాదు, చట్టం ప్రకారం కాఫీ 51 శాతం తగ్గకుండా ఉండి, ఆ సంగతి ప్యాకెట్ మీద రాస్తే చాలు. మనలో చాలామందికి చికోరీ చిక్కదనమే కాఫీ రుచి కూడా. కానీ చికోరీ, పాలు, రెండు చెంచాల పంచదార పడ్డాక కొండ ఎత్తు నాలుకకు అందదు. స్పెషాలిటీ కాఫీ ఎగుమతి వైపు, బెంగళూరు, ముంబయి వైపు చూడటానికి ఇదీ ఒక కారణం.

ధరలు పెరిగితే సమస్య తీరుతుందనుకుంటాం. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర రికార్డు స్థాయిలో పౌనుకు 4 డాలర్లు దాటింది, మన లెక్కలో కిలోకు 750 రూపాయల పైమాటే. బ్రెజిల్‌లో కరువు పడితే హుకుంపేట సంతలో రేటు పెరుగుతుంది. రైతుకు సంతోషమే. స్పెషాలిటీకి మాత్రం అది గడ్డుకాలం. మామూలు గింజకే మంచి ధర వస్తున్నప్పుడు ఏరి కొయ్యడం ఎవరికి కావాలి? వ్యాపారులు పచ్చిదీ పండినదీ చూడకుండా ఎగబడి కొంటారు, సంఘం బండికి పండు తగ్గుతుంది. ధర పడిపోయిన ఏడాది అందరూ సంఘం గుమ్మం దగ్గరికి వస్తారు.

ఈ చర్చంతా ఇలా ఉండగా 2025 ఆగస్టులో అరకు మండలంలోని తోటల్లో కాయ తొలుచు పురుగు కనిపించింది. ఒకటిన్నర మిల్లీమీటరు నల్ల పురుగు. కాయ బొడ్డు దగ్గర సన్నని రంధ్రం చేసి లోపలికి వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గింజను తింటాయి. దక్షిణ భారతంలో 1990లో నీలగిరుల్లో మొదట కనిపించి కర్ణాటక, కేరళల్లో పాతుకుపోయినా, అరకుకు అన్నాళ్లూ రాలేదు. అది గింజ లోపల ఉంటుంది కాబట్టి మందు కొట్టినా చేరదు. పైగా మందు కొడితే ఆర్గానిక్ సర్టిఫికెట్ పోతుంది, మళ్లీ తెచ్చుకోవాలంటే మూడేళ్లు. దీనికి తెలిసిన మంచి పద్ధతి చేతిపనే. చెట్టు మీద ఒక్క కాయ మిగలకుండా కొయ్యాలి, కింద రాలినవన్నీ ఏరాలి, పురుగు పట్టినవాటిని మరిగే నీళ్లలో ముంచి పాతిపెట్టాలి. ఉచ్చులు, పురుగును చంపే బ్యువేరియా బూజు దానికి తోడు.

ఇక్కడే పాత లెక్క మళ్లీ ఎదురవుతుంది. ఒక బస్తాలో పురుగు ఉంటే, ఆ బస్తా సంత నుంచి సంతకు తిరుగుతూ దాన్ని మోసుకెళుతుంది. పండును ఊరి దగ్గరే అదే రోజు పల్పింగ్ చేసి, తేమ దిగేదాకా ఎండబెడితే పురుగు నిలవదు. రుచి కోసం చెప్పిన పద్ధతే తెగులుకూ పనికొస్తుంది. కాకపోతే రుచికైతే ఎర్ర పండు ఏరాలి, పురుగుకైతే చివరి తిరుగుడులో పచ్చి కాయ, ఎండు కాయ కూడా వదలకుండా దులిపెయ్యాలి. కింద రాలిన కాయలు ఏరడానికి ఒక ఎకరాకు ఒక మనిషికి ఒక రోజు సరిపోదు. ఆ కాయలు ఎవరూ కొనరు. పక్క తోటవాడు ఏరకపోతే తాను ఏరినా లాభం లేదు. వారపు సంత రోజున మొదటి రైతు, రెండో రైతు ఒకే ఊరివాళ్లయితే, వాళ్ల తోటల మధ్య కంచె కూడా ఉండదు.